ఎనిమిది రేకుల ఉప్పు పొన్న

ఐ.పోలవరం,
4 ఆగస్టు 2024

చిరంజీవి సాయిదుర్గకి,

మావయ్య సింహాద్రి దీవించి రాస్తున్నది. కవరు చింపేటప్పుడు జాగ్రత్త. లోపల రెండు అట్టల మధ్య ఒక పువ్వు ఉంది. ముందు దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టుకుని, ఆ తర్వాత ఈ ఉత్తరం చదువు.

తీశావా? అది నందివర్ధనం. మీ అత్తయ్య పొద్దున్నే పెరట్లో కోసి దేవుడి పటానికి పెట్టే ఒంటిరేకు నందివర్ధనం. ఐదు రేకులూ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి చూడు, నీళ్లలో తిరిగే మరలాగ. ఒక్కటే చదరపు కాగితం. కత్తెర తగల్లేదు, జిగురు తగల్లేదు. ఏ పుస్తకంలోనూ చూడలేదు, ఏ ఫోనులోనూ చూడలేదు. మొదటి మడత నుంచి ఆఖరి మడత దాకా నేను కట్టినదే.

కిందటేడు పడవకీ రేవు గట్టుకీ మధ్య పడి నా ఎడమచేతి రెండు వేళ్లు నలిగినప్పుడు, వేళ్లకి చిన్న పని చెబుతూ ఉండమన్నారు డాక్టరు గారు. నువ్వు నన్ను చూడడానికి వచ్చి, రంగు కాగితాల ప్యాకెట్టు ఒకటి చేతిలో పెట్టి, కొంగని మడవడం నేర్పి వెళ్లావు. ముప్పై ఏళ్లు చెక్క పడవలు కట్టినవాణ్ణి, కాగితం కొంగ ఏపాటిదిలే అనుకున్నాను. మొదటి కొంగకి మూడు రోజులు పట్టింది. తర్వాత కొంగలంటే విసుగేసింది. వేరేవాళ్లు కట్టిన దాన్ని మళ్లీ కట్టడంలో నాకు ఏనాడూ సరదా లేదు.

కాగితానికి నాలుగు మూలలే. పువ్వుకి ఐదు రేకులు. ఆ ఐదో మూల ఎక్కణ్ణించి తేవాలి? రెండు నెలలు అదే పని. చివరికి కాగితం అంచుల్ని వెనక్కి మడిచేసి ఐదు పలకలు చేసి, మధ్యలో పట్టుకుని మెలితిప్పాను. ఐదు రేకులూ ఒక్కసారిగా కూర్చున్నాయి. పడవ మొదటిసారి నీళ్లలోకి దిగి వాలకుండా నిలబడినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

డిసెంబరులో మీ పుణెలో కాగితం మడిచేవాళ్ల సభ జరుగుతుందని నువ్వే చెప్పావు. ఎవరికి వారు సొంతంగా తయారుచేసినవే అక్కడ పెడతారన్నావు. దీన్ని పెట్టించు. నా పేరుతో, ఊరి పేరుతో. ఫోనులో బొమ్మ చూపిస్తే మడత చేతికి తగలదు కాబట్టి పోస్టులో పంపాను. గీతలు గీసిన కాగితం కూడా ఉంది. ఎర్ర గీత పైకి లేచే మడత, నీలం గీత లోపలికి దిగే మడత.

మీ అత్తయ్య అడిగినట్టు రాయమంది.

మావయ్య,
సింహాద్రి


పుణె,
19 ఆగస్టు 2024

మావయ్యగారికి నమస్కారాలు.

పువ్వు ఏమీ నలగకుండా అందింది. చాలా బాగుంది. ఆఫీసులో నా బల్ల మీద పెట్టుకున్నాను. అట్టపెట్టెలకి మడతలు గీసుకునే మా ఆఫీసులో అందరూ వచ్చి చూసి వెళ్లారు.

కాగితం కాస్త మందంగా ఉందేమో అనిపించింది. మీరు వాడినది డ్రాయింగు కాగితమా? మెలితిప్పిన చోట మధ్యలో చిన్న పగులు వచ్చింది. ఇక్కడ పలచగా, గట్టిగా ఉండే కాగితం దొరుకుతుంది, అది అయితే మధ్యలో పగలదు. ఒక వైపు తెలుపు, ఒక వైపు రంగు ఉండేవి కూడా ఉన్నాయి. ఇరవై షీట్లు పంపుతున్నాను. వాన తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచండి. తేమ పడితే మడత నిలవదు.

ఇలాంటి పువ్వు ఇంతకు ముందు ఎక్కడైనా చూశారా, ఎవరైనా చూపించారా? ఊరికే అడుగుతున్నాను, ఫారంలో ఆ ప్రశ్న ఉంది. ఫారం సంగతి నేను చూసుకుంటాను, మీరేమీ కంగారు పడకండి.

మీకు వీలైతే ఇంకో పువ్వు కూడా ప్రయత్నించకూడదా? రెండు ఉంటే మంచిది కదా. సభకి ఇంకా నాలుగు నెలలుంది.

పువ్వు మాత్రం చాలా బాగుంది.

అత్తయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ
సాయిదుర్గ


ఐ.పోలవరం,
8 సెప్టెంబరు 2024

చిరంజీవి సాయిదుర్గకి,

కాగితాలు అందాయి. మంచివే. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చాలా బాగుంది అని రెండుసార్లు రాసి, మధ్యలో కాగితం మందం గురించి, తేమ గురించి రాశావు. నీకు ఏడేళ్లప్పుడు రాజోలు నుంచి మీ అమ్మతో వచ్చి నేను కొత్తగా కట్టిన పడవ ఎక్కేదానివి. నచ్చితే ముందుకొమ్ము మీదకి పరిగెత్తేదానివి. నచ్చకపోతే ఏమీ అనకుండా కూర్చుని మేకులు లెక్కపెట్టేదానివి. ఈ ఉత్తరంలో మేకులు లెక్కపెట్టావు.

ఎక్కడైనా చూశారా అని అడిగావు. చూడలేదు. మొదటి ఉత్తరంలోనే రాశాను.

ఇక్కడి సంగతులు రాయాలి. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఉమాదేవి గారు లెక్కల మేడం. రేవులో పడవ నడిపే వెంకటస్వామి ఆవిడ స్కూలు పిల్లల్ని అవతలి ఒడ్డుకి దించుతూ నా సంగతి చెప్పాడట. ఆవిడ ఇంటికి వచ్చి, పువ్వు చూసి, ఐదు మూలలు ఎలా వచ్చాయో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి చెప్పమని తీసుకెళ్లారు. నలభై మంది ముందు నిలబడి చెప్పాను. కాగితం మీద ఐదు పలకల్ని చేత్తో అలా రాబట్టడం లెక్కల పుస్తకంలో కూడా లేదన్నారు ఆవిడ. అప్పుడు నేను కొంచెం ఉబ్బిపోయి, ఈ పువ్వు లోకంలో ఇదే మొదటిది అని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మాట ఊరంతా తిరిగింది. టీ కొట్టు దగ్గర నన్ను చూసి బెంచీ మీద చోటిస్తున్నారు.

అందుకే అడుగుతున్నాను. నువ్వేదో దాస్తున్నావు. నేను పడవలు కట్టినవాణ్ణి. నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలిస్తే ఏదో ఒకటి చేస్తాను. తెలియకపోతే ఊరికే తోడుతూ కూర్చోవాలి. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి.

మావయ్య,
సింహాద్రి


పుణె,
20 సెప్టెంబరు 2024

మావయ్యగారికి,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మీ కవరు విప్పిన రోజునే నాకు తెలుసు. ఈ పువ్వు ముందే ఉంది. వేరే దేశంలో ఒకాయన ఎనిమిదేళ్ల క్రితం మడిచి పుస్తకంలో వేశారు. అంచులు వెనక్కి మడిచి ఐదు పలకలు చేయడం, మధ్యలో మెలితిప్పడం, రేకులు ఒకే వైపుకి తిరగడం, అన్నీ అవే. మీ గీతల కాగితాన్ని ఆ పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూశాను. రెండు గీతలు తప్ప తేడా లేదు. మీరు ఆయన్ని చూసి చేయలేదని నాకు తెలుసు. మీ చేతిలో ఆ పుస్తకం పడే దారే లేదు. కానీ చూసినవాళ్లకి అది ఎలా తెలుస్తుంది?

ఇంతవరకే అయితే మొదటి ఉత్తరంలోనే రాసి ఉండేదాన్నేమో. నేను ఇంకో పని చేశాను. ఫారం పంపేశాను. ఇంతకు ముందు ఎవరైనా చేశారా అన్న చోట, నాకు తెలిసి లేదు అని మీ పేరు మీద రాశాను. అది మీ విషయంలో నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంపిక చేసేవాళ్లు ఆ పుస్తకం చూసి ఉండరనుకున్నాను. చూసి ఉండరు కూడా, ఎందుకంటే మొన్న సోమవారం జవాబు వచ్చింది. మీ నందివర్ధనం ఎంపికైంది. మీ పేరు, ఊరి పేరు జాబితాలో అచ్చు వేస్తారు.

ఈ సంగతి తెలిసింది నాకు ఒక్కదానికే. నోరు మూసుకుని ఊరుకుంటే బహుశా ఎవరికీ తెలియదు. తెలిస్తే సభలో అందరి ముందూ మీ పేరు మీద మచ్చ పడుతుంది. మీరేం చేయమంటే అది చేస్తాను. కోప్పడినా సరే.

సాయిదుర్గ


ఐ.పోలవరం,
6 అక్టోబరు 2024

చిరంజీవి సాయిదుర్గకి,

ఈ ఉత్తరం అందిన రోజే వాళ్లకి రాసి నా పేరు తీయించు. రేపు, ఎల్లుండి అని వాయిదా వేయకు. ఎందుకు తీయిస్తున్నావో కూడా రాయి, ఆయన పేరూ పుస్తకం పేరూ రాయి. నేను చూడకుండా చేశాననే మాట రాసినా పరవాలేదు, రాయకపోయినా పరవాలేదు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు. రేవులో కూర్చున్నాను. మూడో రోజు మీ అత్తయ్యకి చెప్పాను. రాజ్యం బియ్యం ఏరుతూ వింది. చేట పక్కన పెట్టి, "ఎవరో ముందు చేసేరని మీ చేతులు చేసింది చెయ్యనట్టు అయిపోద్దా అండీ?" అంది. చెయ్యనట్టు అవదు కానీ మొదటిది అని చెప్పాను కదా, అది తప్పు కదా అన్నాను. "అయితే వెళ్లి తప్పని చెప్పి రండి. కూర్చుంటే తీరదు" అంది. మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది.

స్కూలుకి వెళ్లాను. ఉమాదేవి గారికి చెబితే, పిల్లలకి తాను చెబుతాలెండి, మీరు మళ్లీ నిలబడక్కర్లేదు అన్నారు. వద్దండి, గొప్ప చెప్పుకున్న నోటితోనే ఇదీ చెబుతానన్నాను. అదే తరగతిలో అదే బల్ల దగ్గర నిలబడి, ఈ పువ్వు నాకంటే ముందు ఇంకొకాయన మడిచారు, లోకంలో మొదటిది అని నేను తెలియక చెప్పాను అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అమ్ములు అని ముందు వరుసలో కూర్చునే పిల్ల లేచి, ఆయనే మిమ్మల్ని చూసి చేసేరేమోనండి అంది. ఎనిమిదేళ్ల క్రితం నేను పడవలకి తారు పూస్తున్నానమ్మా అన్నాను. అప్పుడు నవ్వారు.

నేను వచ్చేస్తుంటే ఉమాదేవి గారు గుమ్మం దాకా వచ్చి ఒక మాట అన్నారు. ఆ మాట నీకు రాయడానికే ఇంత రాస్తున్నాను.

"ఇద్దరు ఒకే లెక్క సరిగ్గా చేస్తే జవాబు ఒకటే వస్తుందండి. మీకు వేరేది వచ్చి ఉంటే, మీరు తప్పు చేసేరనుకోవాలి."

"ఆయ్, అంతేనండి" అన్నాను. ఇంటికి నడుస్తూ ఆ మాటే అనుకున్నాను. చదువుకున్నాయన, పుస్తకాలు వేసినాయన, ఎంతమందిని అడిగి ఎన్నేళ్లు కష్టపడ్డాడో. నేను పెరటి అరుగు మీద కూర్చుని రెండు నెలల్లో అక్కడికే చేరాను. అంటే నాకు దారి తెలుసు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కోపం లేదని రాయను. ఉంది. ఆయన మీద కాదు, పువ్వు మీదా కాదు. నెలన్నర నన్ను గాజు సామాను అనుకున్నందుకు నీ మీద. ఇంకెప్పుడూ అలా అనుకోకు.

ఇంకో పువ్వు కడుతున్నాను. నందివర్ధనం అందరి పెరట్లో ఉంటుంది, అందరూ చూస్తారు, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మడుస్తారు. ఈసారి పడవ ఎక్కితే గానీ కనబడని పువ్వు. రేపు వెంకటస్వామితో మడ అడవికి వెళుతున్నాను.

మావయ్య,
సింహాద్రి


పుణె,
17 అక్టోబరు 2024

మావయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన గంటలో రాసేశాను. మీరు చెప్పినట్టే అన్నీ రాశాను, తప్పు నాదని కూడా రాశాను. సభ నడిపే పెద్దావిడ ఫోను చేశారు. తిడతారనుకున్నాను. మీ మావయ్యగారి వయసెంత, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడిగారు. యాభై ఎనిమిది, ఎవరి దగ్గరా కాదు అన్నాను. అయితే నవంబరు ముప్పై దాకా ఆయన చోటు ఖాళీగానే ఉంచుతాం, కొత్తది వస్తే పంపమనండి అన్నారు.

మిమ్మల్ని గాజు సామాను అనుకున్నానని రాశారు. నిజానికి గాజు సామాను నేనే. ఇది మీకే కాదు, అమ్మకి కూడా చెప్పలేదు.

డిజైన్ కోర్సు ఆఖరి ఏడాదిలో నేనొక మందారం మడిచాను. నాలుగు నెలలు పట్టింది. అందరి ముందూ పెట్టిన రోజున ఒక మాస్టారు చేతిలోకి తీసుకుని, ఇది ఫలానా పుస్తకంలో ఉంది కదా అన్నారు. నేను ఆ పుస్తకం చూడలేదు. కానీ ఆ మాట పైకి చెప్పలేకపోయాను. చెప్పినా ఎవరూ నమ్మరనిపించింది. ఆ రోజు నుంచి ఒక్క పువ్వూ మడవలేదు, ఆరేళ్లయింది. ఆఫీసులో పెట్టెలే మడుస్తాను. మీకిచ్చి వెళ్లిన ఆ రంగు కాగితాల ప్యాకెట్టు మీ వేళ్ల కోసం కొన్నది కాదు. నా దగ్గర ఉంచుకోలేక, పారేయలేక, ఇచ్చేశాను.

మీ నందివర్ధనాన్ని ఆ పుస్తకంలో చూసినప్పుడు, మీరు కూడా నాలాగే కాగితాలు ఎవరికో ఇచ్చేస్తారని భయం వేసింది. అందుకే దాచాను. మీరు స్కూలుకి వెళ్లి అదే బల్ల దగ్గర నిలబడ్డారని చదివి, ఉత్తరం మడిచి లోపల పెట్టి, మళ్లీ తీసి చదివాను.

మడ అడవిలో ఏ పువ్వు దొరికింది?

సాయిదుర్గ


ఐ.పోలవరం,
10 నవంబరు 2024

చిరంజీవి సాయిదుర్గకి,

ఆ మాస్టారికి నువ్వు అప్పుడు చెప్పాల్సిన మాట ఉమాదేవి గారు నాకు చెప్పారు. అది నీది కూడా. ఇక ఆ సంగతి వదిలేయి, పని గురించి రాస్తాను.

ఉప్పు పొన్న. చెట్టు నువ్వు చూసే ఉంటావు కానీ పువ్వు చూసి ఉండవు. పాయల అంచున బురదలో వేళ్లు గొడుగు ఊచల్లాగ పైకి లేచి ఉంటాయే, ఆ చెట్టు. పువ్వు ఆకుల కింద తలకిందులుగా వేలాడుతుంది. పడవలో కూర్చుని తల ఎత్తితేనే కనబడుతుంది. నాలుగు మందపాటి పసుపుపచ్చ రేకులు తోలులాగ ఉంటాయి. వాటి సందుల్లో నాలుగు సన్నటి తెల్ల రేకులు, అంచున నూగుతో. మొత్తం ఎనిమిది. వెంకటస్వామి పడవ కొమ్మ కింద ఆపాడు. ముప్పై ఏళ్లు ఆ పాయల్లో తిరిగాను, దాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఒక కొమ్మ తెచ్చుకుని నీళ్ల గ్లాసులో పెట్టి అరుగు మీద కూర్చున్నాను.

చదరానికి నాలుగు మూలలు, నాలుగు అంచులు. మూలలు పసుపు రేకులు, అంచుల మధ్యలు తెల్ల రేకులు, కాగితం నడిమధ్య తొడిమ. మొదటి రోజే తెలిసింది. నాలుగు మూలల్నీ నాలుగు రేకులు చేయడం ఎప్పట్నుంచో ఉన్నదే, లిల్లీ అని పిల్లలు కూడా మడుస్తారు. దానికి నాకేం పేరు వద్దు. కష్టం తెల్ల రేకుల దగ్గర వచ్చింది. అంచు మధ్య నుంచి వచ్చే ముక్క పొట్టిది. మూల నుంచి వచ్చేది పొడుగు. పొట్టివి పసుపు రేకుల వెనక్కి పోయి దాక్కుంటున్నాయి. పన్నెండు కాగితాలు పాడయ్యాయి.

రాజ్యం పోతూ పోతూ గ్లాసులో పువ్వు ముట్టుకుని, "ఈ పచ్చ రేకు ఇంత మందం ఉందేంటండీ, రెండు కలిపి కుట్టినట్టు" అంది. నేను చేతిలో కాగితం కింద పెట్టేశాను. కొత్తది తీసి మూలల్ని ముందే లోపలికి మడిచేశాను. మూల పొట్టిదైంది, తెల్ల రేకుతో సమానమైంది. మడిచినందువల్ల పసుపు రేకు రెండు పొరలైంది. తెల్లది ఒక్క పొరే మిగిలింది. చెట్టు మీద ఏది మందమో కాగితంలోనూ అదే మందం. ఏది పలచనో అదే పలచన. నువ్వు పంపిన రెండు రంగుల కాగితంలో అంచు తిప్పితే తెలుపు పైకి వచ్చింది. ఇంతకంటే సరిగ్గా కుదిరింది నా జన్మలో ఒకటో రెండో పడవలు.

ఈసారి మడిచిన పువ్వు పంపడం లేదు. గీతల కాగితం మాత్రమే పంపుతున్నాను. నువ్వే మడవాలి. నేను పక్కన లేకుండా ఇంకొకరి చేతిలో పువ్వు అయితేనే అది కట్టడం, లేకపోతే నా చేతి అలవాటు. మడిచే ముందు ఎక్కడెక్కడ వెతకాలో అక్కడల్లా వెతుకు. ఎవరైనా ముందే చేసి ఉంటే ఆ రోజే రాయి.

ఒక లోపం ఉంది, దాచను. పూట గడిచేసరికి మధ్యలో వదులై రేకులు విచ్చుకుపోతున్నాయి. దారం కడితే ఆగుతుంది కానీ కట్టను. వేరే ఉపాయం నాకు ఇంకా దొరకలేదు. గడువు ఇరవై రోజులు. నీకు దొరికితే పెట్టు.

మావయ్య,
సింహాద్రి


పుణె,
17 డిసెంబరు 2024

మావయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

సభ నిన్నటితో అయింది. ఫోనులో సగమే చెప్పాను. మొదటి నుంచి రాస్తాను.

మీ గీతల కాగితం వచ్చాక వారం రోజులు వెతికాను. పుస్తకాల్లో, నాకు తెలిసిన మడతగాళ్ల దగ్గర, అన్ని చోట్లా. లిల్లీలు, కలువలు కావలసినన్ని ఉన్నాయి. మూలలు మందంగా, అంచులు పలచగా, రెండు రంగుల్లో ఎనిమిది రేకులు ఎవరూ చేయలేదు. ఆ తర్వాత మడవడానికి కూర్చున్నాను. ఆరేళ్ల తర్వాత. మొదటి గీత మీద గోరుతో రెండుసార్లు రుద్దాను. మూడు చెడగొట్టాను. నాలుగోది వచ్చింది. ఎక్కడా మిమ్మల్ని అడగాల్సిన అవసరం రాలేదు. ప్రతి మడతా తర్వాతది ఏమిటో తానే చెబుతోంది.

సాయంత్రానికి విచ్చుకుపోయింది, మీరు రాసినట్టే. మా ఆఫీసులో జిగురు లేని పెట్టెలకి ఒక పద్ధతి ఉంది. ఒక వైపు నాలుక పక్క వైపు జేబులో దూరి ఆగుతుంది. పసుపు రేకుల వెనక మీరు మడిచిన మూల ఖాళీగా ఉంది కదా, దాని కొనని పక్క రేకు వెనక జేబులోకి దూర్చాను. నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మూడు రోజులు కిటికీలో పెట్టినా కదల్లేదు. అడగడానికి సమయం లేక అలాగే పంపేశాను. పేరు మీదే. ఉప్పు పొన్న, సింహాద్రి, ఐ.పోలవరం.

సభలో పువ్వుల్ని బల్ల మీద పరిచి పెట్టారు. మీది మాత్రం తలకిందులుగా వేలాడదీయమని నేను పట్టుబట్టాను. సన్నటి వెదురు పుల్లకి నేను మడిచిన ఐదు పువ్వులు కట్టి గోడకి పెట్టారు. మొదటి రోజు చాలామంది వచ్చి చూసి, ఊహించి చేసిన పువ్వా అని అడిగారు. నిజం పువ్వే, మా ఊరి దగ్గర ఉంటుంది అని చెప్పి చెప్పి అలిసిపోయాను. ఎవరూ చూడని పువ్వు ఎంచుకోవడం పొరపాటేమో అని కూడా అనిపించింది.

రెండో రోజు మధ్యాహ్నం బెంగాలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, చిన్న కాగితం పీతలు మడిచి తెచ్చిన ఆవిడ, మా గోడ ముందు నుంచి వెళుతూ ఆగిపోయారు. పేరు రాసిన కార్డు వైపు చూడలేదు. వంగి, తల పైకెత్తి, పువ్వుల్ని కింద నుంచి చూశారు. పడవలో కూర్చుని చూసినట్టు. తర్వాత నా వైపు తిరిగి హిందీలో, "ఇది గర్జన్ పువ్వు. మా ఇంటి వెనక పాయలో ఉంటుంది. మీకెలా తెలుసు?" అన్నారు. మా మావయ్య ఊరి పాయలో కూడా ఉంటుందండి, మేము ఉప్పు పొన్న అంటాం అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వాళ్లది సుందర్‌బన్స్ మడ అడవుల వైపు పల్లె. వాళ్లాయన కూడా పడవలు నడిపేవారట. ఈ మందపాటి రేకుని మడిచినవాడు దీన్ని చేత్తో పట్టుకుని చూసినవాడే అన్నారు.

మావయ్యా, ఆ మాట విన్నప్పుడు నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

ఏటా వాళ్లు వేసే పుస్తకంలో మీ పువ్వు మడతలు వేస్తామని అడిగారు. మీ అనుమతి రాసి పంపండి. ఎవరి పేరు మీద వేయాలో కూడా రాయమన్నారు. మీ పేరే అని చెప్పాను.

సాయిదుర్గ


ఐ.పోలవరం,
29 డిసెంబరు 2024

చిరంజీవి సాయిదుర్గకి,

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. తర్వాత మీ అత్తయ్యకి వినిపించాను. బెంగాలు ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం రాజ్యానికి ఇచ్చేశాను. మిగిలింది తనే కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. గర్జన్ అన్న పేరు వెంకటస్వామికి చెప్పాను. పడవ దాని కింద నుంచి వెళ్లినప్పుడల్లా ఆ పేరుతోనే పిలుస్తున్నాడు. ఆవిడ అడ్రసు పంపు. నేను మడిచిన ఒక కొమ్మ పోస్టులో వేస్తాను. వాళ్ల పువ్వు రంగు మన దానిలాగే ఉంటుందో వేరేగా ఉంటుందో రాయమని అడుగు.

నిన్న స్కూలుకి వెళ్లి పిల్లలకి ఉప్పు పొన్న నేర్పాను. ఉమాదేవి గారు కూడా కూర్చుని మడిచారు. నలభై రెండు పువ్వులు వచ్చాయి. ముప్పై ఎనిమిది నిలిచాయి. నువ్వు రాసినట్టు కొనని పక్క జేబులోకి దూర్చినవే నిలిచాయి. అది మరిచిపోయిన నలుగురివి బడి వదిలేలోపు విచ్చుకుపోయాయి.

ఇక అనుమతి సంగతి. పుస్తకంలో వేసుకోవచ్చు, సంతోషంగా ఒప్పుకుంటున్నాను. సంతకం చేసిన కాగితం ఇందులో పెట్టాను. కానీ నా పేరు మీద మాత్రమే వేయడానికి ఒప్పుకోను. నందివర్ధనం విషయంలో ఇంకొకరు ముందు చేసిన దాన్ని నాదని అచ్చు వేయనివ్వలేదు. ఇప్పుడు రేకుల్ని ముడిలాగ పట్టి ఉంచే ఆ ఆఖరి మడత నీది. అది లేకపోతే నా పువ్వు ఒక పూట పువ్వు. ఏ పడవ మీదా చివరి మేకు కొట్టినవాడి పేరు దాచి నా పేరు రాసుకోలేదు, ఇప్పుడు మొదలుపెట్టను.

నువ్వు వద్దంటావని తెలుసు. పెద్దవాణ్ణి, మావయ్యని, నేను చెబుతున్నాను. ఇలా వేయించు: పువ్వు, సింహాద్రి, ఐ.పోలవరం. ముడి, సాయిదుర్గ, రాజోలు. రెండు పేర్లూ ఒకే వరుసలో ఉండాలి. నీ పేరు కింద చిన్న అక్షరాల్లో వేస్తామంటే ఒప్పుకోకు. కాదంటే చెప్పు, రైలెక్కి వచ్చి నేనే దగ్గరుండి వేయిస్తాను.

మావయ్య,
సింహాద్రి